నోరు పెగలాలంటే బల్ల చుట్టూ కథ ఆడండి: మొదటి ఆట ఎలా నడపాలి

"ఇంటర్వ్యూలో అన్నీ తెలిసినా గొంతు పెగలడం లేదు." "ఫ్రెండ్స్‌తో గంటలు గంటలు మాట్లాడతాను, కొత్తవాళ్లు కనబడితే మాట లోపలికి వెళ్లిపోతుంది." విజయనగరం, శ్రీకాకుళం కాలేజీ పిల్లల నోట ఈ మాటలు తరచూ వింటున్నాను. మేం ఆదివారాలు ఆడే కథల ఆట గురించి తెలిసినవాళ్లు ఇంకో మూడు ప్రశ్నలు కూడా అడుగుతారు. పుస్తకాలు కొనాలా? ఇంగ్లిష్ రావాలా? నడిపించడానికి ఎవరైనా తెలిసినవాళ్లు ఉండాలా? ఈ మూడింటిలో ఏదీ అక్కర్లేదు. నలుగురు మనుషులు, రెండు లూడో పాచికలు, ఒక మధ్యాహ్నం ఉంటే చాలు. మొదటి రోజు ఆడుకోవడానికి ఒక కథ కూడా కింద ఇచ్చాను.

ఆట సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. నడిపేవారు "మీరు ఫలానా చోట ఉన్నారు, ఎదురుగా ఫలానా మనిషి ఉన్నాడు, ఏం చేస్తారు?" అని అడుగుతారు. మీరు మీ పాత్రగా మాట్లాడతారు. పని జరుగుతుందో లేదో తేలనప్పుడు పాచికలు వేస్తారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వల్ల ఈ తరహా ఆట లోకమంతా పాకింది. ఆ ఆట మూల నియమాలు 2023 నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతున్నాయి. అయితే అవి వందల పేజీలు, అందులో సగం కత్తులూ మంత్రాలూ. మాట కోసం ఆడేవారికి ఆ బరువు అక్కర్లేదు.

ఇది ఎందుకు పనిచేస్తుందో కూడా చెప్పి పనిలోకి దిగుతాను. స్టేజీ ఎక్కి ఉపన్యాసం ప్రాక్టీసు చేస్తే అందరూ మిమ్మల్నే చూస్తారు. ఈ ఆటలో అందరూ వ్యాను డ్రైవరు ఒప్పుకుంటాడా లేదా అని చూస్తారు. మీరు అడగకపోతే బండి కదలదు. అవసరం ముందుకొస్తే బెరుకు కాస్త వెనక్కి తగ్గుతుంది. అందుకే కింద చెప్పేవన్నీ ఒకే పని కోసం: బల్ల దగ్గర కూర్చున్న ప్రతి మనిషికీ నిజంగా అడగాల్సిన అవసరం కల్పించడం.

కావాల్సినవి

మనుషులు: నడిపేవారితో కలిపి నలుగురు లేదా ఐదుగురు. ఆరుగురు దాటితే బెరుకున్నవాళ్లకి దాక్కునే చోటు దొరుకుతుంది. ఒకరికొకరు కొంచెం తెలిసుంటే చాలు, ప్రాణ స్నేహితులే అయ్యుండక్కర్లేదు. అందరూ ఒకే గదిలో ఉండే హాస్టల్ మిత్రులైతే బయటి మనిషిని ఒకరినైనా కలుపుకోండి.

పాచికలు: లూడో డబ్బాలో దొరికేవి రెండు. అవి లేకపోతే అష్టాచెమ్మా గవ్వలు నాలుగు.

తలా ఒక కాగితం, పెన్సిలు. మంచినీళ్లు. రికార్డు చేయడానికి ఒక ఫోను. "ఆపు" అని పెద్దక్షరాలతో రాసిన అట్టముక్క ఒకటి.

చోటు: తలుపు వేసుకోగలిగిన గది. మేడ మీద వద్దు. పక్కింటివాళ్లు వింటున్నారనే అనుమానం వస్తే గొంతు దానంతటదే తగ్గిపోతుంది. ఫ్యాను బాగా చప్పుడు చేస్తుంటే వేరే గది చూసుకోండి.

సమయం: రెండున్నర గంటలు, మధ్యలో ఒకసారి టీ. ఆడపిల్లలున్న జట్టయితే పగటిపూట పెట్టుకోండి, ఇంటికి చేరే వేళ ముందే ఇంట్లో చెప్పండి.

ఇంట్లోవాళ్ల సంగతి ఇంకొకటుంది. పాచికలు కనబడగానే పెద్దవాళ్లకి జూదం గుర్తొస్తుంది. వాళ్ల అనుమానంలో తప్పేమీ లేదు. దాచిపెట్టి ఆడొద్దు. "డబ్బులేమీ లేవమ్మా, కథ చెప్పుకుంటూ మాట్లాడటం నేర్చుకుంటున్నాం, కాసేపు కూర్చుని చూడు" అని పిలవండి. పది నిమిషాలు కూర్చున్న అమ్మ చాలాసార్లు తనే ఒక సలహా ఇస్తుంది.

1. ఆటకి ముందే ఒక నిమిషం రికార్డు చేయండి

ఫోన్ గదికి ఒక చివర పెట్టి, పది అడుగుల దూరంలో నిలబడి, "మా ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు చూడాల్సిన ఒక చోటు" గురించి ఒక్కొక్కరు ఒక్కో నిమిషం మాట్లాడండి. ఎవరి రికార్డింగు వారి దగ్గరే ఉండాలి. ఇప్పుడు వినొద్దు, ఎవరికీ పంపొద్దు. నెలన్నర తర్వాత దీనితో పనుంది. ఈ మెట్టు అనవసరం అనిపించి చాలామంది దాటేస్తారు. తర్వాత మార్పు వచ్చిందో లేదో తేల్చుకోలేక "ఏమో, అలాగే ఉన్నట్టుంది" అనుకుని మానేస్తారు.

2. మూడు కట్టుబాట్లు పెట్టుకోండి

మొదటిది, యాసని ఎవరూ వెక్కిరించకూడదు, సరిదిద్దకూడదు. మన సిక్కోలు మాటకి సినిమాల్లోనూ హైదరాబాద్ హాస్టళ్లలోనూ ఎదురైన నవ్వులు చాలా నోళ్లు మూయించాయి. "ఏటి", "ఎల్తాను" అన్నందుకు ఎవరూ నష్టపోరు. వాక్యం మధ్యలో వదిలేస్తేనూ, పక్క మనిషికి వినబడకపోతేనూ నష్టం. మీరు పట్టించుకోవాల్సినవి ఆ రెండే. యాస మార్చుకోవాలా వద్దా అన్నది ఎవరికి వారు బల్ల బయట తేల్చుకునే సంగతి.

రెండోది, "ఆపు" అట్ట. కథలో ఏదైనా ఎవరికైనా ఇబ్బందిగా అనిపిస్తే దాన్ని ముట్టుకుంటే చాలు. కారణం అడగకూడదు, ఆ సంగతి పక్కనపెట్టి కథ ముందుకు నడపాలి. కులం పేరు పెట్టి మాటలనడం, ఆడపాత్ర వెంటపడటం, బల్ల దగ్గరున్నవాళ్ల ఇంటి గొడవలు కథలోకి లాగడం ముందే నిషేధించేయండి.

మూడోది, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మాట అందించకూడదు. సాయం చేస్తున్నాననుకుని వాక్యం పూర్తిచేసే మిత్రుడు అందరికన్నా ఎక్కువ చెడుపు చేస్తాడు.

3. పాత్రని నాలుగు వాక్యాల్లో రాయండి

పేరు, చేసే పని. బాగా వచ్చిన ఒక గుణం. ఇవాళ ఏం కావాలి. దేనికి వెనకాడతారు. అంతే.

గుణం ఈ నాలుగింటిలో ఒకటి తీసుకోండి: ఒప్పించడం, ధైర్యం, గమనించడం, ఓపిక. ఆ గుణం వాడే సందర్భంలో పాచికలకి 1 కలుపుకోవచ్చు.

ఇక్కడొక హెచ్చరిక. బెరుకున్నవాళ్లు దాదాపుగా మాట్లాడని పాత్రే కోరుకుంటారు. "మా వాడు మూగ", "మా అమ్మాయి ఎవరితోనూ కలవదు" అంటారు. నడిపేవారు ఒప్పుకోకూడదు. అలాగని ఊరి పెద్దనో వకీలునో నెత్తిన పెట్టొద్దు. మీకన్నా ఒక్క మెట్టు తెగువ ఎక్కువున్న మనిషి చాలు. దుకాణంలో బేరం ఆడలేని అమ్మాయికి, బేరం ఆడటం అలవాటైన కూరగాయల వ్యాపారి కూతురి పాత్ర సరిపోతుంది.

4. గొంతుని సిద్ధం చేయండి

అయిదు నిమిషాలు. భుజాలు వదులు చేసి నోరు మూసుకుని "మ్‌మ్‌మ్" అని మెల్లగా గుంయ్‌మనండి, పెదవుల దగ్గర అదురు తెలియాలి. తర్వాత పెదవుల్ని "బుర్ర్" మనిపించండి, పసిపిల్లలు చేస్తారే, అలాగ. ఆపైన ఒక్క ఊపిరిలో తాపీగా ఒకటి నుంచి ఎంతవరకు వెళ్తే అంతవరకు లెక్కపెట్టండి. చివరి అంకె మొదటి అంకెంత గట్టిగా వినబడాలి. ఊపిరి అయిపోయాక గొంతు నులిమి లాగొద్దు. సంగీతం వచ్చినవాళ్లు సరళీ స్వరాలు రెండు వరసలు పాడుకుంటే ఇంకా మంచిది.

మన దగ్గర చాలామంది వాక్యం చివర గొంతు మింగేస్తారు. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి, అది మింగితే వస్తారో రారో, ఇస్తారో ఇవ్వరో ఎదుటివారికి తెలియదు. అంకెల లెక్క ఆ అలవాటుకి మందు.

5. పాచికల లెక్క

రెండు పాచికలు వేసి కూడండి. 10 లేదా పైన వస్తే అడిగిన పని అయింది. 7 నుంచి 9 వస్తే అయింది గాని ఒక మెలిక ఉంటుంది. 6 లేదా కింద వస్తే కాలేదు, పైగా కొత్త చిక్కు వచ్చిపడుతుంది. రెండు పాచికలు 36 రకాలుగా పడొచ్చు. వాటిలో 21 సార్లు 7 గాని అంతకుమించి గాని వస్తుంది. 1 కలుపుకుంటే ఆ 21 కాస్తా 26 అవుతుంది. అంటే కలిసిన ఆ ఒక్కటి చిన్నదేమీ కాదు.

గవ్వలతో ఆడితే నాలుగూ వేసి వెల్లకిలా పడినవి లెక్కపెట్టండి. 3 లేదా 4 పడితే పని అయింది, 2 పడితే మెలికతో అయింది, అంతకు తగ్గితే కాలేదు. 1 కలుపుకునే హక్కుంటే ఒక గవ్వ తిరగేసుకోవచ్చు. గవ్వలు అన్నీ ఒకేలా పడవు, ఒక్కో జతది ఒక్కో వాటం. ముందుగా ఓ ఇరవైసార్లు వేసి చూసుకోండి.

మాట కోసం ఆడుతున్నాం కాబట్టి ఇంకో నియమం కలపండి: పాత్ర నోటితో సూటిగా అడిగితే అదనంగా ఇంకో 1. అడిగితే చాలు, బాగా అడగక్కర్లేదు. ఈ తేడా నడిపేవారి మనసులో గట్టిగా ఉండాలి. చక్కగా మాట్లాడినవాళ్లకే మార్కులు వేస్తే బల్ల మళ్లీ క్లాసు రూమైపోతుంది, వచ్చినవాళ్లకే ఇంకా వస్తుంది. తడబడుతూ అడిగినా, అడిగినందుకు 1 ఇచ్చేయండి.

6. మొదటి కథ: సాయంత్రానికి వీణ చేరాలి

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేస్తారని మీకు తెలుసు. పనస దుంగ ఒక్కటే తొలిచి చేసే వీణ అది. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఉంది. మన కథలో ఆ కాలేజీలో చదివే ఒక అమ్మాయి సాయంత్రం ఆరింటికి కచేరీ చేయాలి. ఆమె కొత్త వీణ గొల్లపల్లిలోనే ఉండిపోయింది. మధ్యాహ్నం రెండయింది. ఆడేవాళ్లు ఆమె తరఫున వచ్చినవాళ్లు. ఇందులో ఎవరినీ కొట్టే పని లేదు, అంతా మాటల మీదే నడుస్తుంది.

మొదటి ఘట్టం, గొల్లపల్లిలో వీణ చేసిన పెద్దాయన ఇల్లు. ఆయన వీణ ఇవ్వనంటాడు. వేళ్లతో తీగ నొక్కే 24 మెట్లూ మైనం మీద నిలిపినవి, ఈ ఎండలో తీసుకెళ్తే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయని ఆయన భయం. ఇక్కడ సాధన పెద్దవారి నమ్మకం సంపాదించడం. గబగబా మాట్లాడితే ఆయన ఇంకా బిగుసుకుంటాడు. ఆయన భయాన్ని ముందు విని, దానికి జవాబు చెప్పినవాళ్లకి తలుపు తెరుచుకుంటుంది.

రెండో ఘట్టం, బొబ్బిలిలో బస్సు దాటిపోయింది. సరుకు దింపేసిన వ్యాను ఒకటి విజయనగరం వైపు వెళ్లాల్సి ఉంది. డ్రైవరు పొద్దున్నుంచి ఏమీ తినలేదు, చిరాకుగా ఉన్నాడు. ఇక్కడ సాధన అడగడం, బేరమాడటం.

మూడో ఘట్టం, రామభద్రపురం జంక్షన్‌లో రోడ్డుకి అడ్డంగా లారీ ఆగిపోయింది. జనం మూగారు, ఎవరి మాట ఎవరికీ వినబడదు. నలుగురిని కూడగట్టి లారీ తోయించాలి. ఇక్కడ ఆడేవాళ్లు లేచి నిలబడి మాట్లాడాలి, కూర్చుని మాట్లాడితే జనానికి వినబడలేదని చెప్పండి. వీలైతే నడిపేవారు గది అవతలి గోడ దగ్గర నిలబడండి. గొంతు దానంతటదే పెరుగుతుంది.

నాలుగో ఘట్టం, గజపతినగరం మీదుగా విజయనగరం చేరారు, కాలేజీ గేటు. వాచ్‌మన్ లోపలికి పంపడు. పంపినా, దారిలో ఒక తీగ తెగిందని ఆ అమ్మాయికి చెప్పాలి. ఒకటి అధికారం ముందు క్లుప్తంగా మాట్లాడటం, రెండోది చెడువార్త నాన్చకుండా చెప్పడం. ఉద్యోగంలో చేరాక ఈ రెండే ఎక్కువ అవసరపడతాయి. సమయం చాలకపోతే మూడో ఘట్టం వదిలేయండి గాని నాలుగోది వదలొద్దు.

శ్రీకాకుళం జట్లు ఇదే కథని అటు మార్చుకోవచ్చు. పలాస నుంచి జీడిపప్పు సంచులు ఆమదాలవలస స్టేషన్‌కి చేరాలన్నా, కళింగపట్నం తీరంలో పడవ కోసం అడగాలన్నా ఘట్టాల వరస ఇదే: నమ్మించడం, అడగడం, గుంపుతో మాట్లాడటం, చెడువార్త చెప్పడం.

7. "ఏమని?" అని అడగండి

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే గుర్తుపెట్టుకుంటామంటే ఇది పెట్టుకోండి. కొత్తగా ఆడేవాళ్లు మాట్లాడరు, మాట్లాడినట్టు చెబుతారు.

"మా అమ్మాయి డ్రైవరుని బతిమాలుతుంది."

"ఏమని?"

"అదే... తీసుకెళ్లమని."

ఇప్పుడు నడిపేవారు కుర్చీ అటు తిప్పి, ఆమె కళ్లలోకి చూసి, డ్రైవరైపోవాలి.

"ఏటమ్మా, ఏటి కావాల?"

"అన్నా... విజయనగరం దాకా తీసుకెళ్తారా?"

"ఇప్పుడా? నానెల్లనమ్మా. పొద్దున్నించి తిండి నేదు."

ఇక ఆగండి. మాట అందించొద్దు, పాచికలు ముట్టుకోవద్దు. లోపల పది లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దం మీకు కష్టంగా ఉంటుంది, అయినా భరించండి. చాలాసార్లు అయిదో ఆరో అంకె దగ్గర మాట వస్తుంది.

"అయితే ముందు మీరు తినండన్నా. భోజనం మేం పెట్టిస్తాం. మీరు తిన్నాకే బయల్దేరదాం."

ఆమె విన్నది, విన్నదానికి జవాబిచ్చింది. ఇంటర్వ్యూ బల్ల అవతల కూర్చున్నవాళ్లు కోరేది కూడా అదే. ఇప్పుడు పాచికలు చేతికివ్వండి.

ఇది జరగాలంటే నడిపేవారు ఒక పని చేయాలి. మీ పాత్రలు ఎప్పుడూ ఊరికే "కుదరదు" అనకూడదు, కారణం చెప్పి కుదరదనాలి. డ్రైవరు ఆకలి చెప్పాడు కాబట్టే ఆమెకి పట్టు దొరికింది. కారణం లేని "కుదరదు" ముందు ఎంత మాటకారికైనా నోరు మూతపడుతుంది.

మరీ బెరుకున్నవారికి మెట్లు చిన్నవి చేయండి. మొదటి ఘట్టంలో ఏం చేస్తారో చెబితే చాలు. రెండో ఘట్టంలో పాత్ర నోట ఒక్క వాక్యం. మూడోదాంట్లో ఒక ప్రశ్నకి జవాబు. పూర్తి సంభాషణ రెండో ఆదివారానికి వదిలేయండి. "నువ్వేంటి మాట్లాడటం లేదు?" అని మాత్రం అందరి ముందూ అడక్కండి. బదులుగా కథలోని మనిషి చేత అడిగించండి: "బాబూ, నువ్వు చెప్పు, వీళ్లు నిజమే చెబుతున్నారా?" అవునో కాదో అన్నా మాటే.

8. మాట బాగుండి, పాచిక చెడితే

ఇది సున్నితమైన చోటు. ఒక అబ్బాయి మొదటిసారి నోరు విప్పి నాలుగు వాక్యాలు చెప్పాడు, పాచికలు 4 పడ్డాయి. "నీ మాట నాకు నచ్చలేదు" అని డ్రైవరు చేత అనిపిస్తే ఆ అబ్బాయి మళ్లీ మాట్లాడడు. ఓటమికి కారణం మాట బయట వెతకండి. "నువ్వడిగావని వద్దామనే ఉంది తమ్ముడూ, ఇదిగో ఓనరు ఫోను చేస్తున్నాడు, సాలూరు రమ్మంటున్నాడు" అనండి. కథ ఆగకూడదు, ఇంకో దారి కనబడాలి. మాట్లాడితే కొన్నిసార్లు పని కాకపోవచ్చు, అయినా మాట్లాడింది వృథా పోలేదని ఒంటికి తెలియాలి.

9. నడిపేవారు తగ్గాలి

నడిపేవారికి ఉన్న పెద్ద జబ్బు తామే మాట్లాడేయడం. వర్ణన మూడు వాక్యాలు దాటకూడదు: ఎక్కడున్నారు, ఎదురుగా ఎవరున్నారు, ఏది అడ్డం. ఆపై "ఏం చేస్తారు?" అని వదిలేయాలి.

పాత్రకో వింత గొంతు పెట్టక్కర్లేదు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ఆ సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్. హరికథలో ఒక్క మనిషే రాజూ బంటూ అందరూ అవుతాడు. మనకి అంత విద్య అక్కర్లేదు, ఆ పద్ధతిలో చిటికెడు చాలు. పెద్దాయనకి మాట నిదానం చేయండి, డ్రైవరుకి ముక్తసరిగా, వాచ్‌మన్‌కి నిటారుగా కూర్చుని. వేగం, భంగిమ మార్చితే గొంతు తానే మారుతుంది. బొంగురు గొంతో కీచు గొంతో తెచ్చిపెట్టుకుంటే అరగంటలో నొప్పి మొదలవుతుంది. గొంతు అలిసినప్పుడు గుసగుసలాడటం విశ్రాంతి అనుకుంటారు, అది కూడా శ్రమే. నీళ్లు తాగి ఊరుకోండి.

జట్టులో ఒక గట్టి మాటకారి ఉంటే ప్రతి ఘట్టమూ అతనే లాగేసుకుంటాడు. అతన్ని తిట్టొద్దు, పని అప్పజెప్పండి. ఒక ఘట్టంలో అతని పాత్రని వీణ కాపలాకి వ్యానులో కూర్చోబెట్టండి. ఇంకో ఘట్టంలో అతని పని కేవలం ప్రశ్నలడగడం అని చెప్పండి. అతనికీ ఒక సాధన దొరుకుతుంది.

10. ఆట అయ్యాక పదిహేను నిమిషాలు

వెంటనే లేచి వెళ్లిపోవద్దు. పాత్ర పేర్లు పక్కనపెట్టి, సొంత పేర్లతో ఒక్కొక్కరు ఒక్క మాట చెప్పండి: ఇవాళ ఏ వాక్యం అనడం కష్టమైంది? పక్కవాళ్లు మెచ్చుకోదలిస్తే "బాగా చేశావు" అని సరిపెట్టొద్దు. "డ్రైవరుని తినమన్నావు చూడు, అక్కడ నాకు బాగా నచ్చింది" అని చోటు చూపించాలి.

తర్వాత బయటి పని. బల్ల దగ్గర ధైర్యం బల్ల దగ్గరే ఉండిపోతుంది, తీసుకెళ్లి వాడితే తప్ప. ఆ వారం పాత్ర చేసినదానికి దగ్గరైన నిజం పని ఒకటి ప్రతి ఒక్కరూ ఎంచుకుని కాగితం మీద రాయండి. డ్రైవరుని అడిగినవారు కాంప్లెక్స్‌లో కండక్టరుని బస్సు వివరాలు అడగాలి. వాచ్‌మన్‌తో మాట్లాడినవారు బ్యాంకు కౌంటర్లో ఫారం ఎలా నింపాలో అడిగి రావాలి. ఫోను చేయడానికి భయపడేవారు గ్యాస్ ఏజెన్సీకో కాలేజీ ఆఫీసుకో మెసేజ్ పెట్టకుండా ఫోనే చేయాలి. వచ్చే ఆదివారం ఆట మొదలయ్యేది ఈ కాగితాలతోనే. చేయలేకపోయినవారిని మందలించొద్దు, పని సగానికి తగ్గించి మళ్లీ ఇవ్వండి.

ఇంగ్లిష్ కావాలంటే

మొదటి మూడు నాలుగు ఆటలు పూర్తిగా తెలుగులోనే ఆడండి. నోరు విప్పడం, ఇంగ్లిష్ వెతుక్కోవడం, ఈ రెండు భయాలూ ఒకేసారి నెత్తిన పెట్టుకోవద్దు. ఆ తర్వాత కథలో ఒక్క మనిషిని ఇంగ్లిష్ మాత్రమే వచ్చినవాడిగా పెట్టండి. శాలిహుండం బౌద్ధ స్తూపాలు చూడటానికి వచ్చిన విదేశీ యాత్రికుడు దారి అడుగుతున్నాడనుకోండి. అతనితో మాట్లాడాలంటే ఇంగ్లిషే దిక్కు, మిగతా కథంతా తెలుగు. వ్యాకరణం తప్పితే యాత్రికుడు సరిదిద్దడు. అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాడు, బయట లోకంలోనూ జరిగేది అదేగా. ఒక ఆటకి పది నిమిషాల ఇంగ్లిష్ సరిపోతుంది.

జట్టు దొరకకపోతే వీడియో కాల్‌లో ముగ్గురితో ఆడొచ్చు. ఒకరి మీద ఒకరు మాట్లాడటం అక్కడ పెద్ద చిక్కు కాబట్టి, మాట్లాడేముందు ఎదుటి పాత్ర పేరు పిలవాలని నియమం పెట్టుకోండి. గుంపుతో మాట్లాడే ఘట్టం మాత్రం కాల్‌లో పండదు.

ఫలితం ఎలా చూడాలి

వారం వారం ఆడితే ఆరో ఆట తర్వాత మళ్లీ అదే గది, అదే పది అడుగుల దూరం, అదే అంశం మీద ఒక నిమిషం రికార్డు చేయండి. ఇప్పుడు రెండూ పక్కపక్కన వినండి. "బాగుందా" అని వినొద్దు, నాలుగు లెక్కలు వేయండి. ఎన్ని వాక్యాలు మొదలుపెట్టారు, వాటిలో ఎన్ని పూర్తిచేశారు? వాక్యం చివరి క్రియ స్పష్టంగా వినబడినవి ఎన్ని? "అంటే", "అదీ", "మరి" లాంటి ఊతపదాలు ఎన్ని? మధ్యలో ఎన్నిసార్లు తాపీగా ఆగగలిగారు? ఊతపదాలు తగ్గకపోయినా పూర్తయిన వాక్యాలు పెరిగితే దారిలో ఉన్నట్టే. ఆత్మవిశ్వాసం వచ్చిందా అని మనసుని అడక్కండి, అది రోజుకో మాట చెబుతుంది. బయటి పనుల కాగితాలు లెక్కపెట్టండి.

బల్ల దగ్గర బాగా మాట్లాడుతూ బయటి పని ఒక్కటీ చేయని మనిషి ఉంటే, అతనికి ఆట హాయిగా ఉంది గాని పని చేయడం లేదు. అలాంటివారికి పాత్రని మార్చి, తమ సొంత పేరుతో, తమ చదువుతో ఉన్న పాత్రగా ఒక ఘట్టం ఆడించండి. ఎదుట కూర్చున్న నడిపేవారు ఇంటర్వ్యూ చేసే అధికారి కావచ్చు.

ఈ ఆట వైద్యం కాదు. నత్తి ఉన్నవారు హాయిగా ఆడొచ్చు, జట్టు తొందరపెట్టకుండా వినాలి, నత్తి సంగతి మాత్రం స్పీచ్ థెరపిస్టు దగ్గరే చూసుకోవాలి. గొంతు బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. నలుగురిలో నోరు తెరవాలంటేనే గుండె దడ, చెమటలు, వాంతి వచ్చినట్టుండటం ఉంటే మానసిక వైద్యుల సలహా తీసుకుని, వారు సరేనన్నాక బల్ల దగ్గరికి రండి.

కథ నడిపే పని చేతులు మారాలి

మూడు నాలుగు ఆటలయ్యాక నడిపే పని ఇంకొకరికి ఇవ్వండి. ముందుగా మాటకారికి ఇవ్వాలనిపిస్తుంది. మెల్లగా మాట్లాడే మనిషికే ఇవ్వండి. నడిపేవారు నోరు తెరిస్తే గాని ఆట మొదలు కాదు, పైగా అందరూ వారి మాట కోసం ఎదురుచూస్తుంటారు. వింటున్నారా లేదా అనే అనుమానానికి చోటుండదు. ఒక్క ఘట్టంతో మొదలుపెట్టించండి, మిగతా మూడూ మీరు నడపండి. ముందు రోజే కాగితం మీద అయిదు విషయాలు రాసుకోమనండి: ఘట్టం జరిగే చోటు, ఎదురుపడే మనిషి పేరు, అతనికి కావాల్సింది, అతను కాదనడానికి కారణం, 6 లేదా కింద పడితే వచ్చే కొత్త చిక్కు. ఆ కాగితం చేతిలో పెట్టుకుని చదివినా ఫరవాలేదు, మొదటి వాక్యం మాత్రం కాగితం చూడకుండా చెప్పాలి.